పల్నాటి పత్తిచేలో అక్షరపారాయణం

గురజాల, మాచర్ల ప్రాంతాల నల్లరేగడిలో పెరిగే పత్తిమొక్క జీవకణాలలో ఒక పారాయణం అవిచ్ఛిన్నంగా సాగుతూ ఉంటుంది. పఠించేది రైబోజోమ్, పఠింపబడేది డీఎన్‌ఏ నుండి ప్రతిలిఖితమై వచ్చిన సందేశ ఆర్‌ఎన్‌ఏ. ఆ వర్ణమాలలో అక్షరాలు నాలుగే. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక పదం. అటువంటి పదాలు 64. వాటిలో 61 పదాలు 20 అమైనో ఆమ్లాలకు వాచకాలు, మిగిలిన మూడూ విరామచిహ్నాలు. పదానికి తగిన ఆమ్లాన్ని వాహక ఆర్‌ఎన్‌ఏ మోసుకొని వస్తుంది, రైబోజోమ్ దానిని పూర్వపు ఆమ్లంతో సంధిస్తుంది. ప్రోటీన్ అలా మాలవలె పెరుగుతుంది. ఈ సంకేతరహస్యాన్ని ఛేదించినందుకు 1968లో హరగోవింద ఖొరానా, నిరెన్‌బర్గ్, హాలీలకు నోబెల్ పురస్కారం లభించింది.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో నివసించే ఒక సూక్ష్మజీవి జన్యువును, మొక్కకు అనువైన పర్యాయపదాలతో తిరగవ్రాసి, పత్తిలో ప్రవేశపెట్టారు. పత్తి రైబోజోమ్ ఆ సందేశాన్ని పరకీయమని త్రోసిపుచ్చలేదు. యథాతథంగా చదివింది, శనగపచ్చ పురుగు జీర్ణకోశానికి రంధ్రాలు చేసే ప్రోటీన్‌ను నిర్మించింది. సూక్ష్మజీవికీ, పత్తికీ, పురుగుకూ, చేను దున్నిన రైతుకూ సంకేతభాష దాదాపు ఒక్కటే. ఇది విని, ఉపనిషత్తులు చెప్పినది ఇదేనని చప్పట్లు చరచడం తొందరపాటు. ఋషులు అన్వేషించినది సంకేతాన్ని కాదు, సాక్షిని.

రైబోజోమ్‌కు రాగద్వేషాలు లేవు, ఫలాపేక్ష లేదు. మరి అది నిష్కామకర్మయోగి అవుతుందా? కాదు. త్యజించడానికి కర్తృత్వభావమే లేనిచోట త్యాగానికి తావెక్కడ? అది వివేచించదు కూడా. త్వష్ట యాగంలో ‘ఇంద్రశత్రు’ శబ్దానికి స్వరం తప్పి, ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రునిచేతనే హతుడయ్యాడని వైదికుల కథ. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడానికి ఒక్క అక్షరభేదం చాలు. తల్లిదండ్రులిద్దరినుండీ ఆ పాఠమే సంక్రమిస్తే శిశువు ఎర్రకణాలు కొడవలివలె వంగుతాయి. రైబోజోమ్ తప్పు చేయలేదు, వ్రాసి ఉన్నదే చదివింది. ఆ శిశువు వేదన ఎదుట ప్రారబ్ధమని ఒక్క మాటతో తేల్చివేయడం వేదాంతం కాదు, నిర్దయ.

పల్నాటికి వస్తే, గులాబీ రంగు పురుగు ఇప్పుడు బీటీ ప్రోటీన్‌కు లొంగడం లేదు. పురుగు కణాలలోనూ పారాయణం ఆగలేదు. అక్కడ పాఠం మారింది. రైతు మళ్ళీ మందు పంపు భుజానికెత్తుకున్నాడు.