తగ్గిందని మందు మానకండి

"తగ్గిపోయింది కదా డాక్టరుగారూ, ఇంకా మందెందుకు?" మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినవాళ్ల నోట నేను పదే పదే వినే మాట ఇది. విన్నప్పుడల్లా కోపం వస్తుంది, ఆ వెంటే జాలీ వేస్తుంది. ఈ జబ్బు తీరే అలాంటిది. చాలామందిలో మొదట్లో విరుచుకుపడి, కొన్ని వారాలకు దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయంలో ఎవరు పసరు పోస్తే వాళ్ల హస్తవాసి మంచిదైపోతుంది.

పాతికేళ్ల అమ్మాయి ఒకరు కుడికన్ను మసకబారిందని వచ్చింది. కన్ను తిప్పితే నొప్పి. కట్టుకున్న ఎర్రచీర ఆ కంటికి వెలిసిపోయినట్టు ఉందని చెప్పింది. ఎమ్మారైలో మెదడు నిండా మచ్చలు. స్టిరాయిడ్ ఎక్కించాం, తిరగబెట్టకుండా మందు మొదలుపెట్టాం. చూపు వచ్చింది, పెళ్లీ కుదిరింది. అత్తవారికి తెలిస్తే బాగుండదని ఇంట్లోవాళ్లు మందు ఆపించారు. ఊళ్లో ఒకాయన నరాల బలానికని సూదులు వేశాడు. ఏడాది తిరక్కుండానే నడుము కింద మొద్దుబారి, మూత్రం పట్టు తప్పి, తండ్రి చేతుల మీద వచ్చింది. ఈసారి కాళ్లలో బలం పూర్తిగా రాలేదు.

"మా వంశంలో ఎవరికీ లేదు బాబూ, ఏం పాపం చేసిందని?" అని తల్లి ఏడ్చింది.

పాపపుణ్యాలకు దీనితో సంబంధం లేదమ్మా. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. పారిస్ వైద్యుడు షార్కో 1868లోనే దీన్ని వర్ణించాడు. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఉంది. ఎక్కువగా 20–40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండింతలకు పైగా వస్తుంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న కెనడా, స్వీడన్ లాంటి చలిదేశాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. అయితే మన రక్తంలోనే రక్షణ ఉందనుకోవద్దు. భారత ఉపఖండం నుంచి బ్రిటన్ వెళ్లినవాళ్లకంటే అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలకు ఇది ఎక్కువగా వచ్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకితే ముప్పు 32 రెట్లు పెరుగుతుందని కోటిమందికి పైగా అమెరికన్ సైనికుల వివరాలు పరిశీలించి 2022లో తేల్చారు. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే, జబ్బు మాత్రం ఏ కొద్దిమందికో వస్తుంది. పొగతాగడం, చిన్నవయసులో ఊబకాయం, విటమిన్ డి లోపం ఆ ముప్పును పెంచుతాయి. వంశపారంపర్యం పాత్ర కొంతే. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి వచ్చేది నలుగురిలో ఒకరికే. మరి ఆ పిల్లను, ఆమె జాతకాన్ని, పెంపకాన్ని నిందించడం ఎందుకు? ఈ జబ్బున్న ఆడపిల్లలు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. ముందే చెబితే దానికి తగ్గట్టు మందులు మారుస్తాం.

బాధ ఏమీ తెలియకుండానే లోపల కొత్త మచ్చలు పడుతుంటాయి. అందుకే బాగున్న రోజుల్లోనే మందు అవసరం. ఖర్చు మోయలేకపోతే ఆ మాట మాకు చెప్పండి, వేరే దారి వెతుకుదాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఈ జబ్బునూ గుర్తించింది, అర్హత ఉంటే సర్టిఫికెట్ తీసుకోండి. మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి. ఒకసారి పోయిన బలాన్ని ప్రతిసారీ తిరిగి తెచ్చే మందు మా దగ్గర లేదు.