సవరానికీ మర్యాద ఉంది

పెళ్లి మర్నాడు విడిది ఇంట్లో సవరాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ముందురోజు రాత్రి దాకా నడుము దిగి ఊగిన జడే అది. తెల్లారేసరికి స్ప్రే అట్టలు కట్టి, వాడిన మల్లెలతో, తీయని పిన్నులతో ముద్దయి, ఏ బట్టల కొట్టు సంచిలోనో పడి ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఎక్స్‌టెన్షన్ అంటున్నారు, వేలకు వేలు పోసి కొంటున్నారు. కొన్నదాన్ని చూసుకునే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

ఇక దాన్ని బాగుచేస్తామని కూర్చునే పిల్లల్ని చూడాలి. పైన క్లిప్పు దగ్గర దువ్వెన గుచ్చి, పళ్లు బిగబట్టి, సర్రున కిందికి లాగుతారు. పైనున్న చిన్నాచితకా చిక్కులన్నీ కిందికి జరిగి, ఒకదాని మీద ఒకటి బిగుసుకుని, కత్తెర పెడితే తప్ప రాని ముడి తయారవుతుంది. "క్వాలిటీ లేదు పిన్నీ" అంటారు. క్వాలిటీ సంగతి తర్వాత. అమ్మా, చిక్కు తీయడం కొసల నుంచి మొదలుపెట్టాలి. లాగుడు కుట్టు మీద పడకుండా చిక్కుకు పైన పాయను గుప్పిట్లో గట్టిగా పట్టుకోవాలి. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో చివర నాలుగు వేళ్ల మేర దువ్వాలి. అక్కడ దువ్వెన అడ్డు లేకుండా జారాక మరో నాలుగు వేళ్లు పైకి. సవరానికైనా సొంత జుట్టుకైనా ఇంతే. ఈ మాట నేను చెప్పని పేరంటం లేదు. బస్సులో ముందు సీటు పిల్ల జడ విప్పుకుని దువ్వబోతుంటే ఆ పిల్లకీ చెప్పాను. వెంటనే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

నేనేదో చాదస్తంతో చెబుతున్నది కాదు. వెంట్రుక నున్నగా కనబడుతుంది గానీ, దాని మీద ఇంటి కప్పు పెంకుల్లా సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. అన్నీ కుదురు నుంచి కొసవైపు వాలి ఉంటాయి. ఒక వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టి కొసవైపు జార్చి చూడండి, నున్నగా ఉంటుంది. కుదురువైపు జారిస్తే గరుగ్గా తగులుతుంది. తలమీద ఉన్నంతకాలం అన్నిటిదీ ఒకే దారి. కోసి కలిపేటప్పుడు కొన్ని తలకిందులైతే పొలుసుకు పొలుసు తగిలి పట్టుకుంటాయి. తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్లు ఇచ్చే పొడుగు జుట్టుకు అంత గిరాకీ ఉండడానికి ఇదొక కారణం. కట్టగా ముడివేసి తీసిన జుట్టుకు కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి. ఇలా వరస తప్పని జుట్టునే వ్యాపారులు రెమీ అంటారు. కలగాపులగమైన సరుకునైతే ఆమ్లంలో ముంచి పొలుసులు లేపేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. కొట్లో మిలమిలా మెరిసేది ఆ పూతే. కొన్ని తలస్నానాలకు అది వదిలిపోతుంది, అక్కడి నుంచి చిక్కులే చిక్కులు. మా బంధువులమ్మాయికి ఒక కొట్టువాడు అలాంటిదాన్నే రెమీ అని అంటగట్టాడు. అడగడానికి వెళ్తే "మీ ఊరి నీళ్లు మంచివి కావు మేడమ్" అన్నాడట. మా గోదావరి నీళ్లని! ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మంచి సరుకే కొన్నా దాని అవసరాలు దానికి ఉంటాయి. సొంత జుట్టుకు మాడు నుంచి కాస్త జిడ్డు అందుతుంది. సవరానికి ఆ భాగ్యం లేదు, త్వరగా ఎండిపోతుంది. పెట్టి తీసేసే రకమైతే కొసలకు రెండు చుక్కల నూనె రాయొచ్చు. జిగురుతోనో టేపుతోనో అంటించినదైతే అంటు దగ్గర నూనె గానీ కండిషనర్ గానీ తగలనివ్వకూడదు, పట్టు సడలిపోతుంది. తడపకముందే చిక్కు తీయాలి. నలపకుండా, పిండకుండా పైనుంచి కిందికి నీళ్లు పోయాలి. తడిగా ఉండగా పడుకోకూడదు. మెడ వెనక, కాలరు రాసుకునే చోట చిక్కు ముందు మొదలవుతుంది గనుక అక్కడ రోజూ చెయ్యి పెట్టి చూసుకోవాలి.

మా నాయనమ్మకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆవిడది మూడు పాయల సవరం, పుట్టింటివాళ్లు పెట్టింది. పేరంటం నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా, పట్టుచీర మార్చుకోకముందే సవరం తీసేది. దాని తాడును కిటికీ ఊచకు కట్టి, కొసల నుంచి దువ్వుకుంటూ పైకొచ్చి, వదులుగా అల్లి, పాత నూలుచీర ముక్కలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. మా చిన్నత్త బడిలో నాటకానికి ఒక్క పూట అడిగితే "నా కళ్లు అడుగు, ఇస్తాను" అన్నదట.

ఆ సవరం పెట్టుకుని ఆవిడ ఇష్టంగా వెళ్లేది భామాకలాపానికి. సత్యభామ తెర వెనక నిలబడి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తనను ఓడించే వాళ్లుంటే జడ కోసిస్తానని దాని అర్థమని పెద్దలు చెప్పేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసొచ్చి అందరూ అభినయం గురించి మాట్లాడుకుంటుంటే, నాయనమ్మ మాత్రం "అంత జడలో ఒక్క వెంట్రుక లేవలేదు చూశారా, దువ్విన చెయ్యి ఎవరిదో!" అన్నది.

మా అమ్మది ఇంకో దారి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని పారేసేది కాదు. ఉండచుట్టి పెరటి గోడ కన్నంలో దాచేది. చిక్కు వెంట్రుకలకు సామాను ఇస్తామని అరుస్తూ ఒకతను సైకిలు మీద వచ్చేవాడు. ఆ ఉండలు ఎక్కడికి పోతాయో మాకేం తెలుసు! కర్ణాటకలో కొప్పళ పక్కన భాగ్యనగర్‌లో ఆడవాళ్లు కూర్చుని అలాంటి ఉండల్ని వేళ్లతో, సూదులతో విప్పి, పొడుగుల వారీగా కట్టలు కడతారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. 2022 జనవరిలో కేంద్రం ముడి వెంట్రుకల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టిందంటే ఆ సరుకు ఏపాటిదో చూడండి. అలాంటిది, మా అమ్మ ఏడాది పొడుగునా కూడబెట్టి ఇస్తే, సైకిలతను తక్కెడ ఎత్తి "తూకం రాలేదమ్మా" అని పెదవి విరిచాడు. అమ్మ గిన్నె అడిగింది. పోనీ గిన్నె మీద మూతైనా ఇమ్మంది. అతను టీ వడకట్టే జల్లెడ ఒకటి చేతిలో పెట్టి సైకిలెక్కేశాడు. దాని కన్నాలు మరీ పెద్దవి. ఆ జల్లెడ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో టీపొడి కప్పులోనే.