ఉగాదికి నేను సర్దిన పెట్టె

ఉగాది అంటే అందరం పచ్చడి గురించి, పంచాంగం గురించి రాస్తాం. ఈసారి మన గోడపత్రికకి నేను ఇల్లు దులపడం గురించి రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే సెలవులకి ఇంటికి వెళ్ళి మీరూ ఇదే తప్పు చేయవచ్చు.

మాది ఏ.కొండూరు మండలంలో ఒక తండా. రోడ్డు మీదకి వచ్చి బస్సెక్కితే తిరువూరు. సంతకైనా, మందులకైనా, బట్టలకైనా మాకు అదే పట్నం. మా ఇల్లు రేకుల ఇల్లు. ఒకటే గది, ముందు వసారా, పక్కన వంటపాక. అందులో నాన్న, అమ్మ, తమ్ముడు, దాదీ, దాదా, సెలవులకి వస్తే నేను. మా లంబాడీ భాషలో నాయనమ్మని దాదీ అంటాం, తాతని దాదా అంటాం.

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. మరుసటి రోజు సోమవారం రంజాన్. రెండు పండగలూ కలిసి రావడంతో నాన్న శుక్రవారం సాయంత్రమే బడికి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ నెలలోనే హాస్టల్లో పెట్టెల తనిఖీ జరిగితే నా ట్రంకు పెట్టె బాగుందని మేడమ్ అందరికీ చూపించారు. బట్టలు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు, సబ్బు, నూనె, దువ్వెన ఒక డబ్బాలో. అవసరం లేనిది ఒక్కటీ లేదు. ఆ గర్వం నెత్తికెక్కి, "ఈ ఉగాదికి ఇల్లంతా నేనే సర్దుతా, ఎవరూ అడ్డం రావద్దు" అని ఇంట్లో అడుగు పెడుతూనే చెప్పాను.

అమ్మ నవ్వి, "సర్దు తల్లీ, నాకు నడుం నొప్పి తప్పుద్ది" అంది.

మా ఇంట్లో ఉగాది పని ఎట్టా ఉంటుందో చెప్తాను. ముందు రోజు సాయంత్రం సున్నపు రాళ్ళు పాత కుండలో వేసి నీళ్ళు పోస్తారు. అది బుసబుసా పొంగి, కుండ పట్టుకోలేనంత వేడెక్కుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు, కంట్లో పడితే చూపు పోతుంది. తెల్లారి చల్లబడ్డాక గుడ్డతో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి గోడలకి వేస్తారు. సున్నం క్షారం కాబట్టి గోడకి బూజూ పురుగూ తొందరగా పట్టవని సైన్సు మేడమ్ చెప్పారు. ఆ సంగతి దాదీకి సైన్సు చదవకుండానే తెలుసు. సున్నం వేసే ముందు సామానంతా బయట పెట్టాలి. పొడుగు కర్రకి చీపురు కట్టి పైన రేకుల కింద బూజు దులపాలి. ముందు పైన, తరువాత గోడలు, ఆఖరికి నేల. కింద ఊడ్చి పైన దులిపితే రెండుసార్లు చాకిరీ. చివరికి వసారా పేడతో అలికి ముగ్గేస్తారు. గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు. తిరువూరు చుట్టూ మామిడి తోటలే కాబట్టి ఆకులకీ, పచ్చడిలోకి కాయలకీ మాకు కరువు లేదు.

ఈ దులపడం మన ఒక్కళ్ళదే కాదు. ఇరాన్ దేశంలో మన ఉగాదికి కొద్దిగా అటూ ఇటూగా, మార్చి 20, 21 తేదీల్లో నౌరోజ్ అనే కొత్త సంవత్సరం వస్తుంది. దానికి ముందు వాళ్ళూ తివాచీలతో సహా ఇల్లంతా శుభ్రం చేస్తారు. ఆ పనిని వాళ్ళ భాషలో "ఖానే తకానీ" అంటారు. అంటే ఇల్లు దులపడమే! జపాను వాళ్ళు డిసెంబరు ఆఖరులో చేస్తారు. చైనా వాళ్ళు పండగకి ముందే ఊడ్చేసి, పండగ రోజు మాత్రం చీపురు ముట్టుకోరు, వచ్చిన అదృష్టం ఊడ్చుకుపోతుందని. మన వైపు భోగినాడు పాత చాపలూ విరిగిన చెక్కలూ మంటలో వేస్తాం. అంటే మనుషులందరికీ ఏడాదికి ఒక్కసారైనా పాతది వదిలించుకోవాలని ఉంటుందన్న మాట. కాని ఏది పాతది, ఏది పనికిరానిది అని తేల్చేది ఎవరు? నా కథ అక్కడే ఉంది.

శనివారం పొద్దున్నే సామానంతా వేపచెట్టు కింద పెట్టాను. మూతల్లేని డబ్బాలు, తెగిన చెప్పులు, చిల్లు పడ్డ బకెట్టు, వైరు కాలిపోయిన టేబుల్ ఫ్యాను, మందు కొట్టే పంపు పాత గొట్టం, పెళ్ళికార్డుల కట్ట. అమ్మ ఒక్కోటీ చూసి "ఉండనీ, ఎందుకైనా పనికొస్తది" అంటుంది. నేను "ఏడాది నుంచి పనికి రానిది ఇంకెప్పుడు వస్తది?" అని లాక్కుంటాను. అట్టా పెద్ద కుప్పే అయింది.

ఆఖరికి దాదీ పెట్టె దగ్గరికి వచ్చాను. అది నల్లటి ఇనప పెట్టె, నాన్న పెళ్ళినాటిది. మూత తీస్తే పైన దాదీ పాత పేటియా ఉంది. పేటియా అంటే లంబాడీ ఆడవాళ్ళు కట్టుకునే పెద్ద కుచ్చిళ్ళ లంగా. అద్దాలు సగం రాలిపోయాయి, గవ్వలు ఊడిపోయాయి, అంచు చీకిపోయింది. దాన్ని కుప్పలో వేయబోతే దాదీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇది మా యాడి కుట్టింది. ఈ కుట్టు చూడు, ఈ రంగు దారం చూడు. ఇప్పుడు ఇట్టా కుట్టేవాళ్ళు తండాలో ఎవరున్నారు? పెట్టు లోపల" అంది.

యాడి అంటే అమ్మ. సరే అని మడత పెట్టి ఉంచాను. దాని కింద ఒక పాత చేతిసంచి నిండా కాగితాలు ఉన్నాయి. నలిగినవి, పసుపు పచ్చగా మారినవి, మడతల దగ్గర చిరిగినవి. పైనవి చూస్తే కరెంటు బిల్లులు, ఎరువుల కొట్టు చీటీలు. "దాదీ, ఇవేంటి?" అని అడిగాను.

"నాకేం తెలుసు తల్లీ? నాకు సదువొస్తదా? నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చూడు, నీకు తెలుస్తది" అని గోడ దగ్గరికి వెళ్ళిపోయింది.

మిత్రులారా, ఈ మాట గుర్తు పెట్టుకోండి. లంగా గురించి ఆమెకు తెలుసు కాబట్టి చెయ్యి పట్టుకుంది. కాగితాల గురించి తెలియదు కాబట్టి నన్ను నమ్మింది.

నేను పైన నాలుగు చూసి, మిగతావీ అవేనని సంచి మొత్తం కుప్పలో వేశాను. పదకొండు గంటలకి పాత సామాన్ల ఆటో మైకులో అరుచుకుంటూ వచ్చింది. ఇనుము, ప్లాస్టిక్, కాగితం వేరు వేరుగా తూకం వేశారు. డబ్బులకి బదులు ఉల్లిపాయలు తీసుకున్నాం. ఇల్లు సగం ఖాళీ అయింది. సాయంత్రానికి తెల్లటి గోడలు చూసి తండాలో అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

ఆదివారం పచ్చడి తిన్నాం, కొత్త బట్టలు కట్టుకున్నాం. పొద్దుపోయాక నాన్న పెట్టె తెరిచి వెదకడం మొదలుపెట్టాడు. "దాదా ఆసుపత్రి కాగితాల సంచి ఏది? మంగళవారం విజయవాడ వెళ్ళాలి" అన్నాడు.

నా గుండె ఆగినంత పనైంది.

మా మండలంలో తండాల సంగతి మీలో చాలామందికి తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లాగే ఏ.కొండూరు తండాల్లో కూడా చాలామందికి మూత్రపిండాల జబ్బు ఉంది. పేపర్లలో చాలాసార్లు వచ్చింది. మా దాదాకి 2022లో బయటపడింది. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి చూస్తారు. అది మన కండరాల్లో పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు దాన్ని మూత్రంలో బయటికి పంపుతాయి. అవి బలహీనపడితే అది రక్తంలో పెరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఒకటికి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. దాదాకి ఎప్పుడు ఎంత ఉందో ఆ చీటీల్లోనే ఉంది.

నాన్న నన్ను కొట్టలేదు. "చదివి చూశావా?" అని మాత్రం అడిగాడు. నేను తల ఊపలేకపోయాను. దాదీ "నేనే చూడమన్నా, పిల్లని ఏమీ అనమాక" అని నా ముందు నిలబడింది. అది కొట్టినదానికంటే ఎక్కువ బాధ అనిపించింది.

సోమవారం పొద్దున్నే నాన్నా నేనూ తిరువూరు వెళ్ళాం. అడుక్కుంటూ పోతే ఆ ఆటో వాళ్ళు సామాను వేసే కొట్టు దొరికింది. తాళం వేసి ఉంది. కొట్టాయన ముస్లిం, ఆ రోజు రంజాన్. ఇంటికి వెళ్తే కొత్త బట్టలతో అప్పుడే నమాజు నుంచి వస్తున్నాడు. "పండగ పూట కొట్టు తియ్యను" అన్నాడు. నాన్న ఆసుపత్రి కాగితాలు అని చెప్పగానే ఇంకో మాట అనకుండా తాళంచెవి తెచ్చాడు. ఆ తెల్లటి బట్టలతోనే కాగితాల బస్తాలు కిందికి లాగాడు. రెండు గంటలు వెదికాం. మూడో బస్తాలో మా చేతిసంచి దొరికింది కాని చినిగి ఉంది. కాగితాలు కొన్ని దానిలో, కొన్ని వేరే బస్తాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. 2022 చీటీ, 2025 జనవరి చీటీ దొరికాయి. మధ్యలో ఉన్న రెండేళ్ళవి దొరకలేదు. శనివారం రాత్రే ఒక లారీ లోడు వెళ్ళిపోయిందట. ఆయన మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి సేమ్యా పాయసం పెట్టాడు. నాకు గొంతు దిగలేదు.

ఆ సాయంత్రమే నన్ను బడిలో దింపారు. మంగళవారం ఆసుపత్రిలో ఏం జరిగిందో తరువాత నాన్న ఫోనులో చెప్పాడు. డాక్టరు గారు మధ్య చీటీలు ఏవని అడిగారట. ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తే జబ్బు ఎంత ఉందో తెలుస్తుంది కాని, ఎంత వేగంగా ముదురుతుందో తెలియదు. మన ప్రోగ్రెస్ కార్డులో ఒక్క పరీక్ష మార్కులు చూస్తే పిల్లవాడు ముందుకి పోతున్నాడో వెనక్కి పోతున్నాడో చెప్పగలమా? అట్టాగే ఇదీ. 2022లో 1.9 ఉంది, 2025 జనవరిలో 3.1 ఉంది. మెల్లగా పెరిగిందా, ఒక్కసారి పెరిగిందా, ఏ మందు వాడినప్పుడు ఆగిందా అన్నది ఆ పోయిన చీటీల్లో ఉంది. మళ్ళీ రక్తం తీసుకుని, నెల తరువాత ఇంకోసారి రమ్మన్నారు. ఆ నెల రోజులూ దాదాకి ఏమవుతుందోనని నేను హాస్టల్లో సరిగా అన్నం తినలేదు. ఇప్పుడు దాదా మందులు వాడుతూ, ఉప్పు తగ్గించి తింటూ ఉన్నాడు. మేకల వెంట పోవడం మాత్రం మానేశాడు.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళాక నేనూ దాదీ కూర్చుని ఆ పెట్టె మళ్ళీ సర్దాం. ఈసారి నేను ప్రతి కాగితం పైకి చదివాను. ఆమె విని "ఇది ఉండాలి, ఇది అడుగు మీ నాన్నని" అని చెప్పింది. ఏదీ ఆ రోజే పారేయలేదు. అనుమానం ఉన్నవి వేరే పెట్టి, నాన్న వచ్చాక ముగ్గురం చూశాం. పట్టాదారు పాసుపుస్తకం, నా కులధృవీకరణ పత్రం, పుట్టిన తేదీ పత్రం, రేషను కార్డు ఒక కట్ట. దాదా చీటీలు తేదీల వరసలో ఇంకో కట్ట, కొత్తది పైన. వాన నీరు తగలకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టాం. 2024 ఆగస్టు ఆఖరులో, సెప్టెంబరు మొదట్లో వచ్చిన వానలకి మా రేకుల కింద ఎంత నీరు కారిందో మాకు తెలుసు.

దాదీ నాన్న పాత పంచె చింపి రెండు సంచులు కుట్టింది. భూమి కాగితాల సంచికి ఒక గవ్వ కుట్టింది. ఆసుపత్రి సంచికి పేటియా నుంచి రాలిన అద్దం బిళ్ళ కుట్టింది. పైన పేర్లు రాస్తానని నేను పెన్ను తెచ్చాను.

"నువ్వు రాసుకో. నువ్వు బడిలో ఉన్నప్పుడు రాత్రిపూట దాదాకి ఏమైనా అయితే, ఏ సంచి తియ్యాలో నాకు తెలియాలిగా" అంది.

ఇల్లు సర్దడం అంటే ఇదని నాకు అప్పుడు తెలిసింది. హాస్టల్లో నా పెట్టె నా ఒక్కదానిదే. నాకు తెలిస్తే చాలు. ఇల్లు ఆరుగురిది. చదువు రానివాళ్ళకి కూడా చీకట్లో చెయ్యి పెడితే దొరికేటట్టు ఉండాలి.

మిత్రులారా! మనలో చాలామందిమి మన ఇళ్ళల్లో మొదట చదువుకున్నవాళ్ళం. ఇంట్లో ఏ కాగితం వచ్చినా మన చేతికే ఇస్తారు. ఉగాదికి ఇల్లు దులపండి, పాత చెప్పులు, చిల్లు బకెట్లు తీసి పారేయండి. కాని కాగితం మాత్రం చివరి అక్షరం దాకా చదవకుండా పారేయకండి. "నీకు తెలుస్తది" అని మన పెద్దవాళ్ళు అన్నప్పుడు, నిజంగా తెలుసుకున్నాకే తల ఊపండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని