ఓడకు చెవులు

విశాఖపట్టణపు రేవులో నిలిచిన యుద్ధనౌకలను చూచువారికి మొదట కంటబడునవి ఫిరంగులు. బాలురకు వానిమీదనే మక్కువ. స్తంభము కొనయందు గిన్నెలవలె, బుట్టలవలె అమర్చిన చిన్న చిన్న వస్తువులను ఎవ్వరును లెక్కచేయరు. నౌకాదళమున చిరకాలము పనిచేసిన నా పూర్వవిద్యార్థి యొకడు వానిని చూపి, “మాస్టారూ! ఫిరంగి లేకున్నను ఓడ కొంతకాలము బ్రతుకును గాని, ఈ చెవులు పోయిన బ్రతుకదండీ” అనెను. అతిశయోక్తి యేమో యనుకొని, నిజము తెలిసికొనగోరి, నాటినుండి ఆ విషయమును చదువుచు వచ్చితిని.

చీకటిలో లాంతరు పట్టుకొని వెదకువాడు ఇతరులను చూచుటకు ముందే ఇతరుల కంటబడును గదా! రాడారు సంగతియు నంతే. అది పంపిన రేడియో తరంగము వస్తువును తాకి మరలివచ్చునప్పటికి మిక్కిలి క్షీణించును. పోవునపుడు బలముగా నుండును. కావున శత్రువుల రాడారు మనలను కనుగొనకమునుపే మన ఓడలోని గ్రాహకము దానిని పసిగట్టగలదు. అటుపిమ్మట ఎదురు తరంగములను పంపి దానిని తికమకపెట్టవచ్చును. లేదా అల్యూమినియము పూసిన గాజుపోగులను ఆకాశమున వెదజల్లి మాయానౌకను చూపవచ్చును. పోగు పొడవు తరంగములో సగముండవలెను. 3 సెంటీమీటర్ల తరంగమునకు 1.5 సెంటీమీటర్ల పోగు చాలును.

1967 అక్టోబరు 21వ తేదీన పోర్టు సయీదు సమీపమున ఈజిప్టువారి చిన్న పడవలు ప్రయోగించిన క్షిపణులకు ఇజ్రాయెలు నౌక ఐలాత్ మునిగిపోయెను. 47 మంది మరణించిరి. ఆ దేశమువారు దుఃఖించి యూరకుండలేదు. 1973 అక్టోబరులో సిరియా తీరమున లటాకియా యెదుట అదే జాతి క్షిపణులు వచ్చినప్పుడు, పోగులను చల్లియు, తరంగములతో వంచించియు, ఒక్క ఓడనైనను పోగొట్టుకొనరైరి. 1982 మే 4వ తేదీన ఫాక్లాండు యుద్ధమున బ్రిటిషువారి షెఫీల్డు నౌకకు చెవులు లేకపోలేదు. కాని ఆ క్షణమున ఓడ ఉపగ్రహముతో సంభాషించుచుండుటచే అవి సరిగా వినలేకపోయెను. 20 మంది ప్రాణములు పోయినవి. నీటికి ఆనుకొని ఇంచుమించు ధ్వనివేగముతో వచ్చు క్షిపణి 27 కిలోమీటర్ల దూరమున బయటపడినచో, ఓడవారికి మిగులు కాలము నిమిషమున్నర!

ఇట్టి యంత్రము చిన్న భాగమొకటి చెడినను మూగవోవును. ట్రావెలింగ్ వేవ్ ట్యూబు అను శూన్యనాళిక యొకటి కలదు. అందు చుట్టలు చుట్టిన సన్నని లోహపు తీగె నడుమ ఎలక్ట్రానుల ధార పోవుచు, బలహీనమైన తరంగమునకు తన శక్తి నిచ్చి బలపరచును. దాని ఆయువు కొన్ని వేల గంటలు, పిదప మార్చవలసినదే. ఓడ 30 ఏండ్లు కొలువు చేయును. అందలి చిప్పును చేయు కర్మాగారమో, కొలది యేండ్లకే ఆ నమూనాను మానివేయును. నేను చదువుకొన్న బడిలోని రేడియో ఇట్లే, వాల్వు దొరకక బీరువాపై దుమ్ము పట్టెను. మాకు వార్తలు తప్పినవి, అంతే. నడిసముద్రమునందలి ఓడకు అంతటితో తీరదు. అందుచే నౌకాదళములు అమ్మకము ఆగకమునుపే చాలినన్ని భాగములు కొని దాచును. లేదా పాతదాని చోట ఒదుగునట్లు క్రొత్తదానిని రూపొందించుకొనును.

మధ్యవర్తుల యొద్ద కొనుట మూడవ త్రోవ. అది ప్రమాదకరము. 2012లో అమెరికా సెనేటు సంఘమొకటి ప్రకటించిన నివేదికలో, సైనిక పరికరములకై వచ్చిన అనుమానాస్పదములైన నకిలీ భాగముల ఉదంతములు 1,800 దాకా కలవు. పారవేసిన పాత యంత్రములనుండి చిప్పులను ఊడదీసి, కడిగి, పాత గుర్తులు చెరిపి క్రొత్తవి ముద్రించి అమ్మిరట! దొంగబంగారము అమ్ముటకంటె ఇది పాపిష్ఠిదని నా అభిప్రాయము; బంగారము ఓడలను ముంచదు.

హైదరాబాదులోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయము రూపొందించిన ‘శక్తి’ అను వ్యవస్థను 2021 నవంబరులో మన నౌకాదళమునకు అప్పగించిరి. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దానిని నిర్మింపగా, 50కి పైగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు తోడ్పడినవి. మొదటిది ‘విశాఖపట్టణము’ పేరుగల నౌకపై అమర్చబడెను. పేరు మనది గనుక కొంత గర్వించితిని. అంతకంటె సంతోషకరమైన సంగతి వేరొకటి కలదు. నమూనా గీసినవారు ఇచ్చటనే యుండుటచే, ఒక భాగము దొరకనినాడు దానికి బదులు ఏది సరిపోవునో వారినే అడుగవచ్చును. పరదేశపు పెట్టెకు ఆ వసతి తక్కువ. దాని మూత విప్పుటకైనను పలుమారులు ఉత్తరము వ్రాసి వేచియుండవలసి వచ్చును.