బాబుకు ఏం పేరు పెడదాం?



పాశమైలారం నుంచి ఒక తండ్రి రాశాడు. తనది ఝరాసంగం, భార్యది ఒడిశా, ఇద్దరూ ఫ్యాక్టరీ పని మీద ఇక్కడికి వచ్చి పెళ్లి చేసుకున్నారు. ఇరవై ఒకటో రోజు తొట్టెల. రెండు వైపులవాళ్లూ మావాడే అనుకునే పేరు కావాలట. చదవగానే నాకు చైనాలో పుట్టిన ఒక బాబు గుర్తొచ్చాడు.

మన పద్మశాలీలు మగ్గాలతో వెళ్లి స్థిరపడిన షోలాపూర్ తెలుసు కదా? డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో పుట్టింది ఆ ఊళ్లోనే. చైనా మీద జపాన్ దండెత్తినప్పుడు, 1938లో మన దేశం పంపిన ఐదుగురు వైద్యుల్లో ఆయన ఒకరు. యుద్ధభూమిలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేస్తూ అక్కడే ఉండిపోయి, గువో చింగ్‌లాన్‌ను పెళ్లాడారు. 1942 ఆగస్టులో కొడుకు పుడితే సేనాని న్యె రోంగ్‌జెన్ ‘ఇన్‌హువా’ అని పేరు పెట్టారు. ఇన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. ఆ డిసెంబరులోనే కోట్నీస్ కన్నుమూశారు. ముప్పై రెండేళ్లే. నాన్న ఎక్కడివాడో, అమ్మ ఎక్కడిదో ఆ పసివాడి పేరులోనే ఉండిపోయింది.

పేరులో మనుషులుండాలని నా కోరిక. మన సంగయ్యలు, సంగమ్మలు ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి బిడ్డలని వింటేనే తెలుస్తుంది. పెంటయ్య అన్న పేరు విని నవ్వేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, ఈ ఒక్కడైనా బతకాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి ఎత్తుకుని పెట్టుకున్న పేరది. చైనా పల్లెల్లోనూ అదే భయంతో కొడుకును ‘గోషెంగ్’ అన్నారు, కుక్క కూడా ముట్టక వదిలేసినవాడని.

తాత పేరు పెట్టడం మనకు ప్రేమ. చైనాలో పెద్దల పేరు పిల్లలకు పెడితే అమర్యాద. అక్కడ అన్నదమ్ముల పేర్లలో ఒక అక్షరాన్ని ఉమ్మడిగా ఉంచేవారు: మావో జెడాంగ్ తమ్ముళ్లు జెమిన్, జెటాన్. రెండో బిడ్డకు పేరు వెతికేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఆ తండ్రికి నా మాట: ‘సంగమ్’ అని పెట్టు నాయనా. మీ సంగమేశ్వరుడూ ఉంటాడు, రెండు ఇళ్లు కలిసిన సంగతీ ఉంటుంది, ఒడియాలోనూ అదే మాట. ముందు అమ్మమ్మ చేత ఫోన్‌లో రెండుసార్లు పిలిపించి చూడండి.

తొందరేమీ లేదు. జననం మాత్రం 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు తేలకపోయినా చేస్తారు. 12 నెలల్లోపు ఉచితంగా పేరు చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఫీజు కట్టాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ, ఆధార్‌కూ, ఓటుకూ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఇంగ్లిష్ స్పెల్లింగును కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి.

ప్రేమతో,
పటాన్‌చెరు నుంచి మీ మిత్రుడు