రెండు రోజులకు ఒక రాజధాని

ఏ దేశపు రాజధానినైనా శని, ఆదివారాల్లో చూసి రావచ్చునని మా మేనల్లుడి నమ్మకం. వాడు పెరూ దేశంలో, లిమాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కణ్నుంచి బొగోటా, కీటో, శాంటియాగో అన్నీ అట్లాగే చూశాడు. శుక్రవారం రాత్రి విమానమెక్కితే సోమవారం పొద్దునకు మళ్ళీ ఆఫీసులో ఉంటాడు. ఏ మ్యూజియానికి ఏ రోజు సెలవో, ఏ కొండకు ఏ వేళకు పోవాలో, మధ్యాహ్నం ఎక్కడ తినాలో అన్నీ ముందే కాగితం మీద రాసుకుంటాడు. సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు ఆ కాగితాలన్నీ నా ముందు పరిచాడు.

"నువ్వూ లిమాకు రా మామా. రెండు రోజుల్లో ఊరంతా తిప్పి చూపిస్తా."

"వస్తాలేరా అల్లుడా. ముందు మన రాజధానికి ఇట్లాంటి కాగితం ఒకటి రాయి, చూద్దాం."

"అమరావతికా?"

"కాదు, చంద్రగిరికి."

చిత్తూరు పోయే బస్సు కిటికీలోంచి వాడు ఆ కొండను ఎన్నోసార్లు చూశాడు. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది సంగతీ ఇంతే. అరగంట దారిలో విజయనగర సామ్రాజ్యపు చివరి రాజధానుల్లో ఒకటి నిలబడి ఉంటే, కోట చూడాలన్నప్పుడు మనకు హంపీయో గోల్కొండో గుర్తొస్తుంది. ఇది నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న విషయం. అందుకే వాడి పద్ధతిలోనే, ఒక విదేశీ రాజధానికి ఇచ్చే మర్యాదంతా ఇచ్చి, చంద్రగిరికి రెండు రోజులు కేటాయించాం. శనివారం కోట, ఆదివారం శ్రీనివాసమంగాపురం మీదుగా శ్రీవారి మెట్టెక్కి తిరుమల. రాజధానిని చూసి, ఆ రాజులు కొలిచిన దేవుణ్ణి చూడకుండా వస్తే యాత్ర సగంలో ఆగినట్టే. కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు అన్న మాట కాగితంలో మొదటి వరుసలోనే రాయించాను.

దారిలో తొండవాడ దగ్గర దిగాం. స్వర్ణముఖిలో భీమ, కల్యాణి కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. ముక్కోటి అంటారు. జనవరిలో ఏటిలో నీళ్ళు తక్కువ, ఇసుకే ఎక్కువ. అయినా పొద్దుటిపూట అక్కడ కాసేపు కూర్చోవాల్సిందే. ఆ రోజు గుడి మెట్ల మీద మేము తప్ప ఎవరూ లేరు.

కోట గోడ దాటి లోపలికి పోగానే ఎదురయ్యేది రాజమహల్. మూడంతస్తులు, వరసగా కమానులు, పైన గోపురాల్లాంటి శిఖరాలు, వాటి వెనక ఆరొందల అడుగుల నల్లరాతి కొండ. మావాడు సెల్‌ఫోన్ తీయబోయి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. లోపలికి నడిచి ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించాడు. "చల్లగా ఉంది మామా." బయట ఎండ చురుక్కుమంటోంది. ఆ గోడల మందం, వాటి మీది సున్నపు గచ్చు చేసే పని అది. తలెత్తి చూడమన్నాను. అంత పెద్ద కట్టడంలో ఎక్కడా కొయ్య దూలం లేదు. రాయి, ఇటుక, సున్నంతోనే కమాను మీద కమాను ఎత్తి మూడంతస్తులు నిలబెట్టారు. కొన్ని చోట్ల గచ్చు పెచ్చులూడి ఇటుక బయటపడింది. ఆ ఇటుకల వరసలు చూస్తే కమాను ఎట్లా వంగిందో, పై బరువు స్తంభంలోకి ఎట్లా దిగిందో చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. పక్కనున్న రాణీమహల్ చిన్నది, రెండంతస్తులది. అక్కడ మాకు ఎక్కువ సేపు పట్టలేదు.

రాజమహల్లోనే పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. రాతి విగ్రహాలు, కంచు బొమ్మలు, కత్తులు చూసుకుంటూ దర్బారు హాలుకు చేరాక వాడికి కథ చెప్పడం మొదలుపెట్టాను. ఈ కోటను యాదవరాయలు కట్టించారంటారు. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు ఇక్కణ్నుంచే ఏలాడు. శ్రీకృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు 1529లో రాజయ్యేదాకా ఈ కోటలోనే కాపలాలో ఉన్నాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో హంపీ కూలింది. అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజ్యాన్ని పెనుకొండకు తీసుకుపోయాడు. అక్కడ ఒత్తిడి పెరిగి, ఆయన కొడుకు వేంకటపతిరాయలు చంద్రగిరిని రాజధాని చేసుకున్నాడు. 1586 నుంచి 1614 దాకా ఏలిన ఈ రాజు గురించి మన పిల్లలకు ఒక్క ముక్క కూడా తెలియదు. రాయలంటే కృష్ణరాయలొక్కడే అన్నట్టు పెంచాం. కూలిపోయిన రాజ్యాన్ని మరో తరం పాటు నిలబెట్టినవాడు ఈయన.

1598 నుంచి జెసూట్ పాదిరీలు ఈయన ఆస్థానానికి వచ్చిపోయేవారు. స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌తో ఈయనకు ఉత్తరాలు నడిచాయి. అప్పట్లో పోర్చుగల్, స్పెయిన్ రెంటికీ ఒకడే రాజు. గోవా ఆయనదే, లిమా ఆయనదే. ఇది చెప్పేసరికి మావాడు తుళ్ళిపడ్డాడు. ఫిలిప్ తరఫు వైస్రాయి లిమాలో కొలువు తీరిన చోటే ఇప్పుడు పెరూ అధ్యక్షుడి భవనం ఉంది. దాని ముందున్న మైదానంలో వాడు సాయంత్రాలు కూర్చుంటాడట. నాలుగొందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళోనూ ఈ ఊళ్ళోనూ ఒకే రాజు పేరు వినిపించేదన్నమాట.

మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చి రాగిసంగటి, ఊరిబిండి తిన్నాం. ఊరిబిండిలో వేరుశనగ, మిరపకాయ రెండూ పడతాయి. రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. వేరుశనగైతే అచ్చంగా దక్షిణ అమెరికాది. పెరూలో పూర్వపు మోచే రాజుల సమాధుల్లో వేరుశనగ కాయల ఆకారంలో పోసిన బంగారు, వెండి హారం దొరికింది. మా మెట్ట పొలాల రైతును ఇన్నేళ్ళు బతికించిన పంట అక్కడ రాజు మెడలో నగ అయింది. మావాడు ఆ హారాన్ని కళ్ళారా చూశాడు. తింటున్నంతసేపూ దాని గురించే చెప్పాడు, నేను విన్నాను. ఆ రోజు నాకు దొరికిన కొత్త సంగతి అది.

మర్నాడు తెల్లవారుజామున శ్రీనివాసమంగాపురం. కల్యాణ వేంకటేశ్వరుణ్ణి చూసుకుని, అక్కడికి దగ్గర్లోని శ్రీవారి మెట్టుకు చేరాం. అలిపిరి దారికన్నా ఇది పొట్టి, మెట్లు 2,388. నిటారుగా ఉంటుంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళకే చెప్తాను. చంద్రగిరి నుంచి రాయలవారు ఈ దారినే కొండెక్కేవారని మావైపు చెప్పుకుంటారు. కొండ మీద స్వామికి నైవేద్యమయ్యాక గంట కొడితే, గంట నుంచి గంటకు ఆ మోత చంద్రగిరి చేరేదనీ, అది వినిపించాకే రాజు విస్తరి ముందు కూర్చునేవాడనీ కూడా అంటారు. మా అమ్మ నోట విన్న కథ ఇది. మెట్ల మీద ఆగినప్పుడల్లా వాడు చంద్రగిరి వైపు చూస్తూ చెవి ఒగ్గాడు.

తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడివైపు కృష్ణరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. చాలామందికి ఆ ముగ్గురూ తెలుసు. అక్కడే అచ్యుతరాయలు, వరదాజి దేవి రాతి విగ్రహాలున్నాయి, వేంకటపతిరాయల లోహ విగ్రహం ఉంది. వరసలో తోసుకుంటూ పోయే జనం వాళ్ళ వైపు చూడరు. ఆ రోజు మావాడు చూశాడు. వేంకటపతిరాయలకు దండం పెట్టి మరీ కదిలాడు.

వేంకటపతిరాయలు నిలబెట్టిన రాజ్యం 1640ల్లో గోల్కొండ సేనల ధాటికి చితికిపోయింది. అంతకు కాస్త ముందు, 1639 ఆగస్టు 22న, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు మద్రాసు నేల రాసిచ్చిన దామర్ల నాయకుడు చంద్రగిరి రాయలకు సామంతుడే. చెన్నై మహానగరం తన పుట్టుక వెతుక్కుంటూ వస్తే మన చంద్రగిరి దాకా రావాలి.

దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో తిరుపతి వచ్చేవాళ్ళకు ఒక మనవి. టోకెను వేళ దాకా గదిలో పడుకోకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని చంద్రగిరి బస్సెక్కండి. ఎండ ముదరకముందే కోట చేరండి, దర్బారు హాల్లో కనీసం గంట నిలవండి. సాయంత్రం ఉంటే సౌండ్ అండ్ లైట్ షో నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియం తెరవరు.