మళ్ళీ బెంచీ మీదికి

నిన్న ఆదివారం పొద్దున్నే క్యారేజీ సర్దుకుని స్టడీ సెంటర్‌కి బయల్దేరాను. బీకాం అయిపోయిన 21 ఏళ్ళకి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే, 1982లో మన దగ్గరే పుట్టింది. నాలాంటివాళ్ళ కోసమే పుట్టిందనిపిస్తుంది. నా పక్కన ఆర్టీసీ కండక్టర్, వెనక బెంచీలో అంగన్‌వాడీ టీచర్. ఆరు రోజులు కొలువు చేసి, ఏడో రోజు చదువుకోవడానికి వచ్చినవాళ్ళం.

నిన్న నన్నయ శకుంతలోపాఖ్యానం చెప్పారు. దుష్యంతుడి నిండు సభలో శకుంతల సత్యం గొప్పతనం చెప్పే పద్యం, బళ్ళో మార్కుల కోసం బట్టీ పట్టిందే. కానీ నిన్న వింటుంటే గొంతు పూడుకుపోయింది. న్యాయంగా రావాల్సినదాని కోసం నలుగురిలో ఒంటరిగా నిలబడి అడగడం ఎంత కష్టమో ఈ ఇరవై ఏళ్ళలో నాకూ తెలిసొచ్చింది మరి. పద్యం అదే. అర్థం చేసుకునే వయసు ఇప్పుడొచ్చింది.

రాత్రి వంటిల్లు సర్దేసి పుస్తకం తెరిస్తే, మా అమ్మాయి తన పుస్తకాలు తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

చదువు ఆగిపోయిందని బాధపడుతున్న అక్కలూ, తమ్ముళ్ళూ... ఒక్కసారి దరఖాస్తు పెట్టి చూడండి. బెంచీ మీద మీకూ చోటుంది.